పలకరించే కారు

టైర్ల కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని కార్లను చీల్చి చెండాడేవాళ్ళు నలుగురు. ఆదివారం పదింటికి మొదలుపెడితే భోజనాల వేళకి ఒక కారు పని పూర్తయిపోయేది. ఏ దేశంలో ఏ కంపెనీ కొత్త కారు తెచ్చినా దాని మంచిచెడ్డలు ఈ బెంచీ మీద తేలాల్సిందే. ఆ సంగతి కంపెనీలవాళ్ళకి ఇంతవరకూ తెలియకపోవడం వాళ్ళ దురదృష్టం.

నలుగురిలో పెద్దవాడు టైర్ల కొట్టాయన. ముప్పై ఏళ్ళుగా కార్లను కిందినుంచే చూశాడు కాబట్టి పైన ఎంత మెరిసినా నమ్మడు. రెండోవాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఎక్కడ కూర్చున్నా, ఆఖరికి బెంచీ మీద కూర్చున్నా, ఎదురుగా ఏదైనా వాహనం వస్తే కుడికాలితో లేని బ్రేకు తొక్కుతాడు. మూడోవాడు పళ్ళ డాక్టరు. ఆయనకి కారంటే ముందువైపు పళ్ళ వరసలా ఉండే జాలీయే, మిగతాదంతా దానికి తగిలించిన సామాను.

నాలుగోవాడు మన ప్రూఫ్‌రీడరు. అచ్చాఫీసులో ఇరవై రెండేళ్ళుగా తప్పులు పట్టే ఉద్యోగం. ఎంత గొప్ప పుస్తకమైనా ఆయన చేతికొస్తే అందులో పడిపోయిన సున్నాలూ దీర్ఘాలే కనిపిస్తాయి. ఆ పుస్తకం బాగుందా అని అచ్చాఫీసులో ఆయన్ని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. బెంచీ మీద మాత్రం అందరూ చెప్పవలసినవి చెప్పాక టైర్ల కొట్టాయన ఆయనవైపు తిరిగి, "ఇక నువ్వు కానీ" అనేవాడు. మిగతా ఇద్దరూ టీ గ్లాసులు కింద పెట్టేవారు. వారమంతా ఆయన ఆ ఒక్క మాట కోసమే బతికేవాడంటే అబద్ధం కాదు.

బెంచీకి ఒక కట్టుబాటు ఉంది. కాకి పిల్ల కాకికి ముద్దు కాబట్టి, కారు కొన్నవాడి మాట చెల్లదు. ఒకప్పుడు బెంచీ మీద ఐదోవాడు ఉండేవాడు, మందుల షాపాయన. తానే నోరారా తిట్టిన కారుని నెల తిరక్కుండా కొని, "నడిపి చూస్తే అంత చెడ్డదేం కాదు" అంటూ వచ్చాడు. అంతే, నలుగురూ కలిసి కాకుల్లా పొడిచారు. అందరికంటే ఎక్కువ పొడిచింది ప్రూఫ్‌రీడరే. మందుల షాపాయన మూడో ఆదివారం నుంచి రావడం మానేశాడు. ఇప్పుడు అటువైపు వెళ్ళాల్సొస్తే రోడ్డు దాటి వెళ్తాడు.

ఇక అసలు కథ. నలుగురైదుగురున్న ఇంటికి సరిపోయే కారొకటి ఉంది. చిన్నదీ కాదు పెద్దదీ కాదు, ఏళ్ళ తరబడి బెంచీవాళ్ళ మెప్పు పొందిన ఒకే ఒక్క కారు. దాన్ని కంపెనీవాళ్ళు కొత్త రూపంలో దించారు. మీటలన్నీ తీసేసి పలకంత స్క్రీను పెట్టారు. గేరు కర్ర పీకేసి గుండ్రటి మూతలాంటిది బిగించారు. వెనక ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రలైటు పట్టీ. అన్నిటికీ మించి, తాళంచెవి జేబులో పెట్టుకుని దగ్గరికొస్తే చాలు, కారు దానంతటదే దీపాలు ఆర్పి వెలిగించి, మడుచుకున్న పక్క అద్దాలు విప్పి, యజమానిని పలకరిస్తుందట.

"పలకరించడానికి అదేమన్నా పెళ్ళికూతురి మేనమామా?" అన్నాడు పళ్ళ డాక్టరు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ రోజు ప్రూఫ్‌రీడరు ఇచ్చిన తీర్పయితే చెప్పక్కర్లేదు. "పాత కారుని చంపి దాని పేరు తగిలించుకుని తిరుగుతోంది ఇది" అన్నాడు. పళ్ళ డాక్టరు ఆ మాటని మందుల చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా పదిహేను రోజులకి ప్రూఫ్‌రీడరు ఆ కారే కొన్నాడు.

కొన్నాడనడం కంటే భార్య కొనిపించిందనడం న్యాయం. ఆవిడ బట్టల కొట్లో పాతికేళ్ళు కౌంటరు వెనక నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. షోరూముల్లో ఆవిడ ఇంజను గురించి అడగలేదు, మైలేజీ గురించి అడగలేదు. తలుపు తెరిచి, వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు లోపలికి పెట్టుకుని, మళ్ళీ దిగేది. కొన్ని కార్లలో కూర్చోవడం నూతిలోకి దిగడమే, పైకి లాగడానికి ఇద్దరు కావాలి. కొన్నిటికి నిచ్చెన కావాలి. ఐదు షోరూములు తిరిగి ఆరోదాంట్లో ఈ కారు ఎక్కి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, "ఇదే" అంది.

"ఇదా! ఆ స్క్రీను చూశావా?" అన్నాడాయన.

"నేను స్క్రీను మీద కూర్చోను కదండీ."

రంగు కూడా ఆవిడే తేల్చింది. తడిసిన ఇటుక రంగు. దుమ్ము కనపడదు, గీత పడినా తెలియదు, ఏళ్ళు గడిచినా వెలిసినట్టుండదు అని, పాతికేళ్ళు రంగులు అమ్మిన అనుభవంతో చెప్పింది.

ప్రూఫ్‌రీడరు బెంచీవాళ్ళకి చెప్పలేదు. చెప్తే మందుల షాపాయన పక్కన ఇంకో మనిషి తయారవుతాడని ఆయనకి బాగా తెలుసు. ఆదివారాలు పదింటికి భార్యకి మోకాళ్ళ వ్యాయామం. ఆ ఫిజియోథెరపీ క్లినిక్కు టైర్ల కొట్టుకి రెండు వీధుల అవతల. ఆవిడని అక్కడ దింపి, కారు అక్కడే పెట్టి, నడిచి బెంచీ చేరేవాడు. బస్సులో వచ్చానని చెప్పేవాడు. నమ్మించడానికి బస్సులో రద్దీ గురించి విసుక్కునేవాడు కూడా. ఆ కారు మాటెత్తితే అందరికంటే ముందు తిట్టేవాడు, గుమ్మడికాయల దొంగకి అంతకంటే గతి ఏముంది?

ఇంట్లో మళ్ళీ ఇంకో అబద్ధం. "మీవాళ్ళు కారు చూసి ఏమన్నారు?" అని భార్య అడిగితే, "బాగుందన్నారు" అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. "రంగు?" అంది. "రంగు మరీ బాగుందన్నారు."

ఇంతకీ తమాషా ఏమిటంటే, ఆయనకి ఆ కారు మీద ప్రేమ పుట్టింది. పొద్దున్నే లేచి గుడ్డ పట్టుకుని బయటికెళ్ళేవాడు. నాలుగడుగుల దూరంలోకి రాగానే కారు రెండు దీపాలు మిటకరించి, కిర్రుమని అద్దాలు విప్పేది. ఆయన్ని చూసి అంత సంబరపడిన ప్రాణి ఈ మధ్యకాలంలో ఇంకోటి లేదు. ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఇంకోసారి పలకరింపు చేయించుకునేవాడు. సిగ్గుగా ఉండేది, సంతోషంగానూ ఉండేది.

కారు కొన్నాక మూడో ఆదివారం డ్రైవింగ్ మాస్టారు వస్తూనే, "లేవండి, లేవండి. మన కొత్త రూపు మహాతల్లి ఆ క్లినిక్కు ముందు ఉంది. వస్తూ చూశాను. ఇన్నాళ్ళూ వీడియోలు చూసి తిట్టాం, ఇవాళ ఎదురుగా నిలబడి తిడదాం" అన్నాడు.

ప్రూఫ్‌రీడరు బెంచీ మీంచి లేవలేదు. "ఎవరి కారో ఏమో, మనం వెళ్ళి వేలెత్తి చూపిస్తే బాగుంటుందా?" అన్నాడు.

"కొన్నవాడు కనిపిస్తే ఓదార్చి వద్దాం పద" అన్నాడు టైర్ల కొట్టాయన.

వెళ్ళక తప్పలేదు. దారి పొడుగునా ఆయన చెయ్యి జేబులోని తాళంచెవి మీదే ఉంది. నాలుగడుగులు. దాని పలకరింపు నాలుగడుగుల దాకానే అని ఆయనకి బాగా తెలుసు, వంద సార్లు కొలిచాడు మరి. ముగ్గురూ కారు చుట్టూ చేరితే ఆయన మాత్రం పది అడుగుల అవతల గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అంత దూరంనుంచి ఏం కనిపిస్తుంది?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"నాకు దూరపు చూపు బాగుంటుంది" అన్నాడు, సోడాబుడ్డి కళ్ళజోడు సవరించుకుంటూ.

టైర్ల కొట్టాయన గొంతుక్కూర్చుని కిందికి చూశాడు. డ్రైవింగ్ మాస్టారు కిటికీకి ముక్కు ఆనించి, గేరు చోట మూత చూసి, దీన్ని నేర్పడానికి స్కూలెందుకు, ఊరగాయ జాడీ చాలన్నాడు. పళ్ళ డాక్టరు జాలీ ముందు వంగి, దీనికి పళ్ళు ఎక్కువయ్యాయి, నాలుగు పీకాలి అని తేల్చాడు. రంగు చూసి, "వాచిన చిగుళ్ళు ఇలాగే ఉంటాయి" అన్నాడు.

"ఇక నువ్వు కానీ" అన్నాడు టైర్ల కొట్టాయన.

ప్రూఫ్‌రీడరు గొంతు సవరించుకున్నాడు. మెత్తగా మాట్లాడితే అనుమానం వస్తుంది. అందుకని స్క్రీనునీ, లైటు పట్టీనీ చెడామడా తిట్టాడు. ఊపు మీద ఉన్నాడు కదా, ఆగలేకపోయాడు. "ఇక ఆ రంగు ఎంచుకున్నవాళ్ళెవరో గానీ, కళ్ళు మూసుకుని ఎంచుకుని ఉంటారు" అన్నాడు.

"తెరుచుకునే ఎంచుకున్నానండీ" అని పక్కనుంచి వినిపించింది.

క్లినిక్కు గుమ్మంలో చేతికర్రతో భార్య నిలబడి ఉంది. వ్యాయామం ఆ రోజు పావుగంట ముందే అయిపోయింది. ఆయన ఉలిక్కిపడి కారు వైపు జరిగాడు. ఒకటి, రెండు, మూడు... ఎన్ని అడుగులు వేశాడో చూసుకోలేదు. కారు రెండు దీపాలు మిటకరించి, కిర్రుమంటూ రెండు అద్దాలూ విప్పి, సంబరంగా ఆయన్ని పలకరించింది.



"ఇది ఎవర్ని చూసి విప్పింది?" అన్నాడు టైర్ల కొట్టాయన. డ్రైవింగ్ మాస్టారు వెనక్కి వెళ్ళి ముందుకొచ్చాడు. కారు పట్టించుకోలేదు. పళ్ళ డాక్టరు వచ్చాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. "నువ్వు వెనక్కి వెళ్ళు" అన్నారు ప్రూఫ్‌రీడరుని. వెళ్ళాడు. కారు అద్దాలు ముడుచుకుంది. "రా" అన్నారు. వచ్చాడు. విప్పింది.

"మూడు వారాలు బస్సులో వచ్చానన్నావు" అన్నాడు టైర్ల కొట్టాయన. గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది.

"పోయిన ఆదివారం ఎవరో కాలు తొక్కారని కుంటుతూ వచ్చావు కూడా" అన్నాడు పళ్ళ డాక్టరు.

భార్య ఎవరితోనూ పోట్లాడలేదు. "వాళ్ళు బాగుందన్నారని చెప్పారు కదండీ నాతో" అంది మెల్లగా. తలుపు తెరిచి, వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు లోపలికి పెట్టుకుని, ముందుకి చూస్తూ ఉండిపోయింది.

ఆ మాటతో ప్రూఫ్‌రీడరుకి తల కొట్టేసినట్టయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండూ స్వయంగా తవ్వుకున్నవే. బెంచీ ఎలాగూ పోయింది, ఇక దాచుకుని ఏం లాభం అనిపించింది.

"నాకీ కారు ఇష్టం" అన్నాడు. జన్మలో ఒక వస్తువు గురించి ఆయన ఆ మాట పైకి అనడం అదే మొదలు. "స్క్రీను బాలేదు, అది నిజమే. కానీ ఇప్పుడు ఆవిడ ఎక్కింది చూశారా? చూడలేదు. మీరెవరూ చూడలేదు, ఎందుకంటే చూడ్డానికేం లేదు. రెండేళ్ళు టాక్సీ ఎక్కినప్పుడల్లా అమ్మా అని మూలిగేది. వాడేమో తొందరగా ఎక్కమని హారను కొట్టేవాడు. ఈ కారొచ్చాక ఒక్కసారి కూడా మూలగలేదు. రంగంటారా, మా ఆవిడకి తెలిసినన్ని రంగులు మన నలుగురికీ కలిపి తెలీదు. నన్ను బెంచీ మీంచి లేపేస్తే లేపెయ్యండి. తప్పు నాదే."

టైర్ల కొట్టాయన కారు దగ్గరికెళ్ళి, "అమ్మా, ఏమీ అనుకోకపోతే ఒక్కసారి దిగి మళ్ళీ ఎక్కుతావా?" అన్నాడు. ఆవిడ దిగి ఎక్కింది. "ఇంకొక్కసారి." ఆవిడ మళ్ళీ దిగి ఎక్కింది. ఆయన జేబులోంచి కొలతల టేపు తీసి, నేలనుంచి సీటుకి పట్టి, అంకె చూసి, మళ్ళీ పట్టాడు.

"మా ఆవిడ ఎక్కగలదంటావా?" అని అడిగాడు ఆవిణ్ణి.

అప్పుడు చెప్పుకొచ్చాడు. రెండేళ్ళ కిందట ఆయన భార్య మెట్ల మీద జారిపడింది. ఆస్పత్రినుంచి ఇంటికొచ్చాక మళ్ళీ గడప దాటలేదు. ఇవాళ్టిదాకా ఆయన ఎవరికీ చెప్పలేదు, వీళ్ళెవరూ అడగలేదు. లోకంలో ఉన్న కార్లన్నిటి కీళ్ళ గురించీ పదిహేడేళ్ళు మాట్లాడుకున్నారు గానీ, ఒకరి ఇంట్లో మనిషి ఎలా ఉందని ఇంకొకరు అడిగింది లేదు. ముగ్గురూ తలలు దించుకున్నారు.

"అనడం దేనికన్నయ్యగారూ, ఎక్కించి చూద్దాం పదండి" అంది ప్రూఫ్‌రీడరు భార్య. వెనక సీట్లోకి మారింది. పళ్ళ డాక్టరూ మాస్టారూ కొట్టు చూసుకుంటామని వెనక్కి వెళ్ళారు. కదిలే ముందు టైర్ల కొట్టాయన కిటికీలోంచి ప్రూఫ్‌రీడరు భుజం మీద తట్టి, "ముందు టైరులో గాలి తక్కువుంది. వచ్చే ఆదివారం బండి కొట్టు ముందే పెట్టు" అని, వెనక సీట్లో ఎక్కాడు. ప్రూఫ్‌రీడరుకి కళ్ళజోడు మసకబారి రోడ్డు సరిగ్గా కనిపించలేదు. తీసి తుడుచుకున్నాకే బండి కదిలించాడు.

టైర్ల కొట్టాయన ఇంటి దగ్గర ఆయన భార్య గుమ్మం పట్టుకుని చాలాసేపు నిలబడింది. రానంది, పడతానంది, పొయ్యి మీద ఏదో ఉందంది. ప్రూఫ్‌రీడరు భార్య ఎలా కూర్చోవాలో ముందు తను చూపించింది. టైర్ల కొట్టాయన భార్య కూడా అలాగే వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని, ముందు సీట్లో కూర్చుంది. కళ్ళు తెరిచి, "అయిపోయిందా?" అంది.

కారు వీధిలోకి వచ్చింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ చూస్తోంది.

"మీరు ప్రతి ఆదివారం ఇంటికొచ్చి తిట్టే కారు ఇలాంటిదేనా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగింది మొగుణ్ణి.

"అది వేరే" అన్నాడాయన.

మలుపు తిరగ్గానే ఆవిడ కిటికీ వైపు వంగింది. "ఇక్కడ మిఠాయి కొట్టుండాలి కదా?"

"మూసేసి ఏడాదైంది."

"ఏడాదా? ఏ కారుకి ఎన్ని గేర్లో రోజూ చెప్పేవారు. ఇది చెప్పలేదేం?"

 ప్రూఫ్‌రీడరు భార్య కిటికీలోంచి బయటికి చూసింది. ప్రూఫ్‌రీడరు బండి నెమ్మది చేశాడు.

"ఇంకో వీధి తిప్పు బాబూ" అంది ముందు సీట్లో ఆవిడ.

తిప్పాడు. టైర్ల కొట్టాయన ముందుకి వంగి, భార్య సీటు మీద చెయ్యి వేసి, కిటికీలోంచి వేలు చూపించాడు. "అదిగో, ఆ మూల దర్జీ కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపయింది. దాని పక్కన పచ్చ మేడ కొత్తగా కట్టారు. అదిగో అక్కడ, చూస్తున్నావా..." అని ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు.