దగ్గకూడని ఆదివారం

ఆదివారం ఇన్సూరెన్సు ఏజెంటు పార్థసారథి వచ్చే వేళకు, ప్లాంటు కూలీల బస్తీ క్యాంప్ 2లోని ఆ రెండు గదుల ఇంట్లో దగ్గు మందు సీసాలన్నీ బియ్యం డబ్బా వెనక్కి చేరాయి. బంగార్రాజు ఆరేళ్ల కూతురు భాగ్యరేఖను వంటగదిలో కూర్చోబెట్టి, "అంకులు ఎల్లీదాకా దగ్గకమ్మా" అని బతిమాలాడు. భార్య మణిమాల విన్నది. వద్దనలేదు.

ఆమెకూ ఆశే మరి. ప్లాంటులో పర్మనెంటు వాళ్ల పిల్లలకు ప్లాంటు ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టరు కింద వెల్డింగు చేసే బంగార్రాజు పిల్లలకు అదీ లేదు. రేఖకు ఉబ్బసం. రెండేళ్లుగా చలికాలం వస్తే మూడు నాలుగుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సిందే. మెడిక్లెయిమ్ పాలసీ ఉంటే ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్సు కంపెనీయే భరిస్తుందని తెలిసిన నాటి నుంచీ మొగుణ్ణి పోరుపెట్టింది ఆమే.

పార్థసారథి మొగుడూ పెళ్లాం, రేఖ, కొడుకు రాజేశ్, నలుగురి పేర్లూ రాసుకుని తలెత్తాడు. "పిల్లలకి ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా?"

"ఏటీ నేవండి" అన్నాడు బంగార్రాజు చటుక్కున.

"ఆలోచించి చెప్పండి. ఉన్నది రాస్తే ఆ ఒక్క జబ్బుకే ఇవ్వరు. దాచినట్టు తేలితే మొత్తం పాలసీయే పోతుంది."

మణిమాల లేచింది. మొగుణ్ణి గుమ్మం దగ్గరకు పిలిచింది.

"ఇన్నావా? రాజేశ్‌గాడిక్కూడా పోద్దంట."

"ఆళ్లకెలా తెలుస్తాదే? దాని జబ్బు కోసమే కదా ఇదంతా! రాసీసేక ఇంకేటి లాభం?"

బంగార్రాజు వెళ్లి సంతకానికి పెన్ను అందుకున్నాడు. అప్పుడు తట్టింది మణిమాలకు. పొద్దుట్నుంచీ ఆగకుండా దగ్గిన పిల్ల ఇంతసేపూ చప్పుడు చెయ్యలేదు.

పరుగున వంటగదిలోకి వెళ్లింది. రేఖ గౌను అంచు నోట్లో కుక్కుకుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. కళ్లు ఉబ్బాయి, పెదవులు నీలంగా ఉన్నాయి. గుడ్డ లాగేసినా ఊపిరి అందలేదు. సన్నటి ఈల మాత్రం వినిపించింది.

"అయ్యో, నా గుంట, నా పిల్ల!" అని అరిచింది.

పార్థసారథి సంతకం పడని ఫారాన్ని సంచిలో దోపి లేచాడు. స్కూటరు తీశాడు. మణిమాల పిల్లను గుండెకు హత్తుకుని వెనక కూర్చుంది. బంగార్రాజు సైకిలెక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఆక్సిజన్ పెడుతూ, "కబ్ సే హై?" అని, ఎప్పట్నుంచి ఉందో హిందీలో అడిగాడు.

మణిమాల పక్కనే ఉన్న పార్థసారథి వైపు ఒక్కసారి చూసింది. ఇక దాచడానికి మనసొప్పలేదు. "దో సాల్ సే, డాక్టర్ సాబ్" అని రెండేళ్ల మాట చెప్పేసింది.

బంగార్రాజు రొప్పుతూ వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడిపోయాడు. "నానే కదే దగ్గొద్దన్నాను" అన్నాడు.

"నానూ ఇన్నాను కదా" అంది మణిమాల. సాయంత్రానికి పిల్ల ఊపిరి కుదుటపడింది.

మూడో రోజు బంగార్రాజే పార్థసారథి ఇంటికి వెళ్లి, ఫారంలో రేఖ పేరుకెదురుగా "ఉబ్బసం" అని తన చేత్తో రాసి వచ్చాడు. ఆ జబ్బు మినహాయించి పాలసీ ఇచ్చారు. ఆ వానాకాలం రాజేశ్‌కు టైఫాయిడ్ వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉంటే కంపెనీ ఖర్చు ఇచ్చింది. చలికాలం రేఖకు మళ్లీ ఆయాసం వచ్చింది. ఆ ఖర్చు కోసం బంగార్రాజు ఆదివారాలు కూడా పనికి వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత డాక్టరు మందు పీల్చే పంపు అలవాటు చేయించాడు. మరుసటి ఏడు రేఖను ఒక్కసారే ఆసుపత్రిలో చేర్చారు.