పడుగు ఎందుకు తెగింది

ఆదివారం గంజి పెట్టి మగ్గానికెక్కించిన పడుగు నూలు బుధవారం వచ్చినా దారికి రాలేదు. చంద్రశేఖరం జానెడు గుడ్డ నేసేలోపు నాలుగు పోగులు తెగుతున్నాయి. తెగినప్పుడల్లా మగ్గం ఆపి, ముడి వేసి, మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

"ఇంటి కోడలు లేకుండా పెట్టిన గంజి ఇట్లాగే ఏడుస్తుంది," అంది అతని తల్లి మాణిక్యాంబ, కండెలకు నూలు చుడుతూ. "వచ్చే ఆదివారం ఇంకో పడుగుంది. ఆ రోజు బాపట్లా లేదు, గీపట్లా లేదు."

దేవిక భర్త వైపు చూసింది.

"అమ్మ చెప్పినదాంట్లో తప్పేముంది?" అన్నాడతను తల ఎత్తకుండా.

దేవిక ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయా. పదో తరగతి పాసైతేగాని అక్కడ టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. అందుకే ముప్పై ఏడేళ్ళ వయసులో ఓపెన్ స్కూల్లో చేరింది. ప్రతి ఆదివారం చీరాల దాకా ఆటోలో, అక్కడినుంచి బాపట్లకు రైల్లో వెళ్తోంది. పరీక్షలు ఐదు వారాల్లోకి వచ్చాయి. ఆ క్లాసులు మానేస్తే తనంతట తాను నెగ్గలేనని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం అంట్లు తోమేశాక నోటుపుస్తకం తీసింది. ఇంట్లో జరిగిన ఒక సంగతి తీసుకుని, దాని కారణమూ ఫలితమూ ఒక పేరాలో రాసి పంపమని ఆదివారం క్లాసులో సుధారాణి మేడమ్ చెప్పారు. దేవికకు వేరే సంగతేదీ తోచలేదు. 'నేను ఆదివారం క్లాసుకు వెళ్ళాను. అందువల్ల మా పడుగు పాడైంది. అందువల్ల గుడ్డ ఆలస్యమైంది' అని రాసి, ఫొటో తీసి పంపింది.

కాసేపటికి మేడమ్ గొంతే వచ్చింది ఫోన్లో.

"దేవికా, నువ్వు రైలెక్కితే పోగెట్లా తెగిందమ్మా? రైలు మీ పడుగు మీదనుంచి పోలేదు గదా. ఒకటి జరిగాక ఇంకోటి జరిగిందని మాత్రం రాశావు. తెగిన పోగు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడువు. అదెందుకు, దానికి ముందు ఇంకోటెందుకు అని ఒక్కో మెట్టూ అడుగు. మధ్యలో మెట్టు దొరక్కపోతే ఆ కారణం కొట్టెయ్."

దేవిక లేచి మగ్గం దగ్గరికెళ్ళింది. తెగిన పోగును వేళ్ళ మధ్య నలిపి చూసింది. పక్క పోగుతో కలిసి అతుక్కుపోయి ఉంది. విడివడేటప్పుడు తెగుతోంది. అతుక్కోవడం ఎందుకు? గంజి జిగురెక్కువై. జిగురెందుకు? పాత బియ్యం గంజి అయితే ఇంత జిగురు రాదు. వంటింట్లోకి వెళ్ళి గంజి బియ్యం డబ్బా మూత తీసింది. పైన ఉన్నవి కొత్త బియ్యం.

అప్పుడు గుర్తొచ్చింది. కొల్లిపర నుంచి ఆడపడుచు కొత్త బియ్యం తెచ్చిన రోజు పెద్ద డబ్బా నిండిపోతే, మిగిలినవి గంజి డబ్బాలో పోసింది తనే. గంజి కాచేది నేనే కదా, అప్పటికి తీసేస్తాలే అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

డబ్బా మూత పెట్టేసింది. ఇది రాసి మేడమ్‌కు పంపితే ఇంట్లో ఎవరికీ తెలియదు. చెబితే మాత్రం అత్తగారి చేతికి కర్ర అందించినట్టే. కానీ చెప్పకపోతే, క్లాసు వల్లే పడుగు పోయిందన్న మాట ఈ ఇంట్లో అట్లాగే ఉండిపోతుంది.

సాయంత్రం టీలు ఇచ్చి, పుస్తకం తెచ్చి నిలబడే చదివింది.

"మా పడుగు పోగులు తెగుతున్నాయి. కారణం, అవి ఒకదానికొకటి అతుక్కున్నాయి. కొత్త బియ్యంతో కాచిన గంజి జిగురుగా ఉండటమే దానికి కారణం. ఆ బియ్యం గంజి డబ్బాలో పోసింది నేను. పోసిన సంగతి మా అత్తగారికి చెప్పలేదు. ఆమె ఆ సంగతి తెలియక డబ్బాలోవి తీసి కాచారు."

మగ్గం ఆగింది.

"అయితే తప్పు నీదేగా," అంది మాణిక్యాంబ.

"నాదే అత్తయ్యా. క్లాసుది కాదు. చెప్పి వెళ్ళుంటే, నేను బాపట్లలో ఉన్నా మీ గంజి బాగుండేది."

"నా గంజికేం వచ్చిందే. కలుపుతుంటేనే చేతికి తెలిసింది, ఇదేదో తేడాగా ఉందని. నిన్నడుగుదామని వీడిచేత ఫోన్ చేయించా. ఎత్తితేగా నువ్వు."

"క్లాసులో ఫోన్ ఆపేస్తామండి."

"మరి అది రాయవేం? నా చేతికేమీ తెలీదన్నట్టు రాశావు."

దేవిక పెన్ను తీసి అక్కడే చేర్చింది: 'ఆమెకు అనుమానం వచ్చి ఫోన్ చేయించారు. నా ఫోన్ ఆపి ఉంది.' రాసింది మళ్ళీ చదివి వినిపించింది.

మాణిక్యాంబ గ్లాసు కింద పెట్టి కొడుకు వైపు చూసింది. చంద్రశేఖరం ఒక పోగు తీసి వేళ్ళతో నలుపుతున్నాడు.

"జిగురే," అన్నాడు. "నాకూ అనుమానమే. ఎందుకో చూడలేదు."

"చూడవు. తల్లి ఏదంటే దానికి తలూపటం తప్ప." మాణిక్యాంబ మళ్ళీ కండె అందుకుంది. "ఏమే, శనివారం రాత్రే పాత బియ్యం కొలిచి వేరే గిన్నెలో పెట్టు. ఆ ఫోను ఆపకు. మీ పంతులమ్మ ఏమన్నా అంటే అత్తగారి గంజి కోసమని చెప్పు."

"ఆదివారం వెళ్ళనా, అత్తయ్యా?"

"ఇంకేం చెప్పాను ఇప్పటిదాకా?"