నల్ల షీటుకు రెండో కొలత

ఫ్యాక్టరీ అగ్నిప్రమాదం మీద వేసిన విచారణ కమిటీ మూడు రోజుల్లో తేల్చేసింది. రసాయనాలు నింపే గదిలోకి తమ్ముడు, ఒంటి కరెంటును నేలకు దించే బూట్లు కాక, మామూలు బూట్లతో వెళ్లాడట, ఒంట్లో చేరిన కరెంటు నిప్పురవ్వై డ్రమ్ముకు అంటుకుందట. పోయినవాడు వచ్చి కాదంటాడా? తప్పంతా వాడి నెత్తిన రుద్దడం ఎంత తేలిక!

"అబద్ధం వదినా," అంది మరదలు. "ఆ రోజు నడుం పట్టేసి ఆయన వంగలేకపోతే, ఇంట్లోనే ఆ గది బూట్లకి లేసులు నేనే కట్టాను."

అక్క పనిచేసేదీ ఆ ఫ్యాక్టరీలోనే. బూట్లు సరైనవే అయితే మిగిలింది నేల మీది నల్ల షీటు. దాన్ని ల్యాబులో పరీక్షించి పాస్ చేసింది తనే.

కంటికి ఆనని కార్బన్ గొట్టాలను ప్లాస్టిక్‌లో కలిపి ఆ షీటు తీస్తారు. గొట్టాలు ఒకదానికొకటి తగిలితేనే కరెంటు నడుస్తుంది. తగలకపోతే ఎంత నల్లగా ఉన్నా అది ఉత్త ప్లాస్టిక్కే. ల్యాబులో అందరూ మీటరు తీగలు రెండూ షీటు పైనే, పొడుగునా పెట్టి కొలిచేవారు. పని త్వరగా తెమిలేది. పన్నెండేళ్లుగా అక్కా అంతే చేసింది. కానీ మిషన్ లాగిన వైపే గొట్టాలు దువ్విన జుట్టులా పడుకుంటాయి. మనిషి ఒంట్లోని కరెంటు దిగాల్సిందేమో కాలి కింద నుంచి అడుగునున్న రాగి పట్టీలోకి.

ల్యాబులో మిగిలిన ఆ షీటు ముక్కను వెతికి తీసింది. పైన ఒక లోహపు బిళ్ల, కింద ఒక బిళ్ల పెట్టి మీటరు తీగలు తగిలించింది. మీటరులో చలనం లేదు. తీగలు మార్చింది. మళ్లీ అంతే, పై నుంచి కిందికి కరెంటు దిగడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాకపోతే కాలింది తమ్ముడి చేతులు. స్టూలు మీద కూలబడి ఏడ్చింది.

మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు. "పోయినవాడు తిరిగిరాడు కదమ్మా. నీ ఉద్యోగమైనా నిలుపుకో. ఆ ముక్క ఇలా ఇచ్చెయ్."

ఇవ్వలేదు. పాత రిపోర్టులో తన సంతకం కిందే రెండో కొలత రాసి, మళ్లీ సంతకం పెట్టి, ఒక కాపీ కమిటీకి పంపింది. ఇంకో కాపీ మరదలి చేతికిచ్చింది.

"తప్పు వాడిది కాదమ్మా. నాది."

మరదలు ఆ కాగితాన్ని మడత పెట్టింది.

"ఆ గదిలో పనంటే నాకు భయమని ఆయనతో రోజూ పోరేదాన్ని వదినా," అంది. "నేల మా అక్క పరీక్షించిందే, నీకేం భయం అనేవారు."