సర్పంచ్ తూకం

మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సిరిసిల్లలోని ఒక మరమగ్గాల షెడ్డులో, ఏడో సాంచ మీది నుంచి దించిన తెల్లగుడ్డ మీద నెత్తుటి మరక కనిపించింది. మరక మధ్యలో నెత్తురు తాగి ఉబ్బిన గోమారి నలిగి ఉంది.

సాంచ అంటే అక్కడ మరమగ్గం. ఆ షెడ్డులో పదహారు ఉన్నాయి. వాటి యజమాని దివాకర్ వంగి మరకను చూశాడు. తర్వాత తన ప్యాంటు అంచు చూసుకున్నాడు. అక్కడ ఇంకో గోమారి పైకి ఎక్కుతోంది.

"నర్సక్కా!"

నర్సక్క షెడ్డు మూలన కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. ఆమెది వీర్నపల్లి. వయసు యాభై రెండు. పదకొండేళ్లుగా సిరిసిల్లలో ఇదే పని. ఆమె లేచేలోపే పక్కన పడుకున్న కుక్క లేచి దివాకర్‌కు ఎదురుపోయింది. ఎవరు వచ్చినా ముందు పోయి పలకరించేది అదే. అందుకే నాలుగేళ్ల కింద నర్సక్క దానికి సర్పంచ్ అని పేరు పెట్టింది. రెండు పూటలా అన్నం పెట్టేదీ ఆమే. రాత్రి షెడ్డు కాపలా కుక్కది.

"గిదేంది?" అన్నాడు దివాకర్.

"గోమారి, సారూ."

"గోమారని నాకూ ఎర్కనే. ఏడికెల్లి అచ్చింది?"

నర్సక్క కుక్క వైపు చూసింది. కుక్క వెనక కాలితో చెవి గోక్కుంటోంది.

"శుక్రారం తొమ్మిదింటికి గుడ్డ కొనే జగిత్యాల సేటు మనిషి అస్తడు. తాన్లన్ని ఇప్పి సూస్తడు. గా దినం షెడ్డుల నడిచే గోమారి ఒక్కటి కనవడ్డా సర్పంచ్ పదవి పోయినట్టే. రుద్రంగి తొవ్వల ఇడిశిపెట్టస్త."

"గంత మాటంటవా సారూ?"

"అన్న. గిందరు ఇన్నరు."

పదహారు సాంచల మోతలో ఎవరూ వినలేదు. నర్సక్క మాత్రం వింది. ఆమె ఉండేది ఒక్క గది అద్దె ఇంట్లో. గేటు లోపల కుక్క అడుగు పెట్టొద్దని ఇల్లు గలవాళ్లు చేరిన రోజే చెప్పారు. షెడ్డు పోతే సర్పంచ్‌కు ఇంకో చోటు లేదు.

ఏడున్నరకు ఆమె సీసాలో కిరోసిన్, చేతిలో గుడ్డపీలిక పట్టుకుని కుక్కను గోడ దగ్గర నిలబెట్టింది. పోసే ముందు ఎందుకో కూతురికి ఫోన్ చేసి సంగతి చెప్పింది. కూతురు రాధిక కోరుట్లలో పశువుల మందుల దుకాణంలో పని చేస్తుంది.

"ఆగవ్వా! గాసునూనె పొయ్యకు. తోలు కాలుతది. నాకితే కడుపులకు పోతది. సీసా పక్కకు పెట్టు. పెట్టినవా?"

"పెట్టిన."

"సూడకుంటనే చెప్తున్న, పెట్టలే."

నర్సక్క అప్పుడు పెట్టింది.

"మెడ మీద పోసే మందున్నది. సిన్న ట్యూబు," అంది రాధిక. "దాంతోపాటు నట్టల గోళీలు గూడ ఎయ్యాలె. ఎన్నడన్న ఏసినవా?"

"దాని కడుపుల నట్టలున్నయని ఎవ్వలన్నరు?"

"దొరికిందల్ల తింటది. ఉండకేం జేస్తయే. బరువెంత?"

"నాదా?"

"నీ బరువు నాకెందుకు? సర్పంచ్‌ది."

"కుక్కను ఎవ్వలన్న జోకుతరా బిడ్డా?"

"జోకాలె. మందు బరువును బట్టి. పది కిలోలకెల్లి ఇరవై దాక ఒక ట్యూబు, మూడు వందల పది. ఇరవై దాటితే ఇంకోటి, మూడు వందల తొంబై. గోళీ పది కిలోలకొకటి, యాబై రూపాలు. జోకి ఫోన్ చెయ్యి."

నర్సక్కకు రోజు కూలి రెండు వందల యాభై. ఏ లెక్కన చూసినా దాదాపు రెండు రోజుల కండెలు సర్పంచ్ మెడ మీద పోయాల్సిందే.

షెడ్డులో తూకం ఉంది. దాని మీద ఇరవై రెండేళ్లుగా నూలు సంచులు జోకుతున్నది రాజలింగం. నూలు తెచ్చిన వాళ్లు నాలుగుసార్లు చూసుకున్నా ఆయన తూకంలో యాభై గ్రాముల తేడా దొరకలేదని పేరు.

"గోమార్ల కుక్కను నా కాంట మీద పెట్టనియ్య," అన్నాడు రాజలింగం.

"కడుక్కత్త అన్నా."

"కడుక్కరా, జోకుత."

పదకొండు గంటలకు నర్సక్క కుక్కను బోరు కింద కడిగింది. కుక్క దులుపుకుంది, సగం నీళ్లు ఆమె మీద, సగం రాజలింగం మీద పడ్డాయి. తూకం మీద నిలబెడితే అది నిలబడలేదు. దిగి రాజలింగాన్ని పలకరించి మళ్లీ ఎక్కింది. మూడుసార్లు అదే జరిగాక దాన్ని ఖాళీ నూలు సంచిలో దించి, సంచి మూతిని వదులుగా పట్టుకున్నారు. తల బయట పెట్టి సంచిలో కూర్చుంది. అంకెలు నిలిచాయి.

రాజలింగం నూలు చిట్టీల పుస్తకం తీశాడు. గడులన్నీ నింపి, కింది అంకె కింద రెండు గీతలు కొట్టి, చిట్టీ చింపి ఇచ్చాడు. నర్సక్క ఆ కింది అంకెను ఫోన్‌లో చదివింది.

"పంతొమ్మిది కిలోల ఎనిమిది వందలు."

"మంచిగయింది, ఇరవై దాటలే," అంది రాధిక. "సిన్న ట్యూబు పంపుత. రెండు గోళీలు."

బుధవారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు, కోరుట్ల నుంచి రోజూ వ్యాను నడిపే శ్రీశైలం పొట్లం తెచ్చి ఇచ్చాడు. మందు ఎట్లా పోయాలో చూపిస్తానని రాధిక వీడియో కాల్ చేసింది. ఫోన్ రాజలింగం పట్టుకున్నాడు. నర్సక్క ట్యూబు మూత మీద బొటనవేలు పెట్టి, సర్పంచ్ మెడ మీది వెంట్రుకలు పాయ తీసింది.

"కొంచెం ఎనుకకు వో మామా," అంది రాధిక. "కుక్క మొత్తం కనవడాలె."

రాజలింగం వెనక్కి జరిగాడు.

"ఇంకా ఎనుకకు."

ఇంకా జరిగాడు. గోడ తగిలింది.

"అవ్వా, మూత తియ్యకు! గిది పంతొమ్మిది కిలోల కుక్కనా? దూడ లెక్కున్నది. మామా, నువ్వే జోకినవా?"

"నేనే. నా తూకానికి వంక పెట్టినోడు సిరిసిల్లల లేడు."

"చిట్టీ ఉన్నదా?"

నర్సక్క కొంగు ముడి విప్పి చిట్టీ తీసి ఫోన్ ముందు పట్టింది. రాధిక పైనుంచి చదివింది.

"మొత్తం, ఇరవై మూడు ఎనిమిది వందలు. గోనె, ఒక కిలో. శంకులు, రెండు కిలోలు. నెమ్ము, ఒక కిలో. నికరం, పంతొమ్మిది ఎనిమిది వందలు." మళ్లీ పై గడులు చూసింది. "మామా, శంకులేంది?"

నూలు అట్ట శంకులకు చుట్టి వస్తుంది. జోకేటప్పుడు సంచి బరువు, శంకుల బరువు తీసేస్తారు. నూలు తడిగా ఉంటే నెమ్ముకు ఇంకో కిలో తీస్తారు. రాజలింగం ఇరవై రెండేళ్లుగా ప్రతి సంచికీ తీశాడు. సర్పంచ్ కూడా సంచిలోనే ఉంది. పైగా తడిగా ఉంది.

"సంచి సూడంగనే అలవాటుకు చెయ్యే గవి తీసేసింది," అన్నాడు రాజలింగం.

"కుక్క కడుపుల శంకులేడికెల్లి అచ్చినయి మామా?"

"గిది ఏం మింగుతదో ఎవ్వలకెర్క?"

నర్సక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ట్యూబు మూత మీది నుంచి వేలు తీసింది. రాధిక అక్కడ దుకాణంలో బల్ల మీద తల పెట్టి నవ్వుతోంది. కొద్దిసేపటికి తల ఎత్తింది.

"గోనె తీసుడు ఒక్కటే ఒప్పు. కుక్క ఇరవై రెండు ఎనిమిది వందలు. పెద్ద ట్యూబు గావాలె. గోళీలు రెండున్నర. సిన్నది పోస్తే మందు సాలది."

"మరి పెద్దది పంపు."

"మా దగ్గర అయిపోయింది. రేపు పొద్దుగాల జగిత్యాలకెల్లి సరుకస్తది. శ్రీశైలమన్న పన్నెండింటి ట్రిప్పుల పంపుత."

నర్సక్క నవ్వు ఆగింది. "మందు పోసినంక గోమార్లు ఎప్పుడు సస్తయి?"

"ఒక దినం వడ్తది. ఒక్కోపారి రెండు దినాలు."

రేపు మధ్యాహ్నం పోస్తే శుక్రవారం తొమ్మిది లోపు ఒక దినం నిండదు. నర్సక్క రాజలింగం వైపు చూసింది. ఆయన చిట్టీ వైపు చూస్తున్నాడు.

"ఇంకో మాటవ్వా. జోకేటప్పుడు తడిగెందుకున్నది? తానం పోసినవా?"

"నిన్న పదకొండింటికి."

"అయితే ఎట్లయినా రేపటిదాక పొయ్యద్దు. తానం పోసినంక రెండు దినాలు ఆగాలె. లేకుంటే మందు తోలుకు పట్టది."

రాజలింగం తల ఎత్తాడు. "సూసినవా నర్సక్కా? నెమ్ము లెక్క తప్పు గాదు."

గురువారం పొద్దున నర్సక్క గంట ముందే వచ్చింది. గుడ్డలోంచి పోగు ముడులు పీకే చిమటా, తీసిన గోమార్లు వేయడానికి సబ్బు నీళ్ల సీసా ముందు పెట్టుకుని కూర్చుంది. తెగిన పోగును వేళ్లతో వెతికి పట్టే పని ఆమెకు పదకొండేళ్ల నుంచి వచ్చు. కుక్క చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వెతికింది. రాధిక చెప్పినట్టు ఒక్కోదాన్ని తోలుకు ఆనించి పట్టి తిన్నగా లాగింది. వెనక నుంచి రాజలింగం లెక్క పెట్టాడు. ఎనిమిదిన్నరకు లెక్క అరవై ఒకటి.

"గీ లెక్కల కోతేం లేదుగద అన్నా?" అంది నర్సక్క.

"ఊకో."

కుక్క ఒంటి మీదివి తీస్తే చాలదని, గోడ సందుల్లో, అది పడుకునే చోట కూడా ఉంటాయని రాధిక చెప్పింది. మధ్యాహ్నం సాంచలు ఆగిన గంటలో కండెలు చుట్టే ఆడవాళ్లు నలుగురు లేచారు. కుక్క పండుకునే గోనెలు షెడ్డు వెనక కాలబెట్టారు. మూలలు ఊడ్చారు. గోడ పగుళ్లలో మరిగే నీళ్లు పోశారు. దివాకర్ వాకిట్లో నిలబడి చూశాడు. తర్వాత ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఏడో సాంచ కింద తానే ఊడ్చాడు.

"నువ్వెందుకు సారూ?" అంది నర్సక్క.

"నిన్న మా ఇంటామె నా బనీన్ల ఒకటి పట్టింది. ఇంట్లకు రావద్దన్నది."

"నీకూ గేటు బందయిందా?"

"నవ్వకు. ఊడువు."

రెండు గంటల ఐదు నిమిషాలకు వ్యాను వచ్చింది. శ్రీశైలం చిన్న ట్యూబు, మూత తీయనిది, వెనక్కి తీసుకుని పెద్దది ఇచ్చాడు. రెండు గంటల ఇరవైకి నర్సక్క దాన్ని సర్పంచ్ భుజాల మధ్య, తోలుకు తగిలేట్టు పోసింది. గోళీలు రెండు బోటి ముక్కల్లో పెట్టింది. కుక్క బోటి తిని గోళీలు నేల మీద పెట్టింది. రెండోసారి రాజలింగం నోరు తెరిచి పట్టుకున్నాడు. ఆమె నాలుక వెనక వేసి గొంతు నిమిరింది. నూలు కత్తిరించే కత్తెరతో కోసిన మిగతా సగం గోళీ కూడా అట్లాగే వేసింది.

"గోమార్ల మందు నెలకోపారి పొయ్యాలె," అంది రాధిక ఫోన్‌లో. "నట్టల గోళీలు మూడు నెలలకోపారి. ఏడాదికి ఐదు వేల మీదనే అయితది."

"నా కండ్లద్దాలకే గన్ని కాలే బిడ్డా."

"అద్దాలకు గోమార్లు పట్టయి గదనే."

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు జగిత్యాల నుంచి సేటు మనిషి బుచ్చయ్య వచ్చాడు. సర్పంచ్ ఎదురుపోయి పలకరించింది. బుచ్చయ్య ఇరవై రెండు తానులు విప్పించి వెలుతురుకు పట్టి చూశాడు. మరక పడ్డ ముక్కను దివాకర్ ముందే కోసి పక్కన పెట్టాడు. మిగిలిన గుడ్డకు బుచ్చయ్య వంక పెట్టలేదు. చాయ్ వచ్చింది. ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో సర్పంచ్ మెడ నిమిరిన బుచ్చయ్య ఆగిపోయాడు. రెండు వేళ్ల మధ్య ఏదో తీశాడు.

"గోమారి," అన్నాడు.

దివాకర్ గ్లాసు కింద పెట్టాడు. నర్సక్క కండెల దగ్గరి నుంచి వచ్చింది.

"నడిచేదన్నవు సారూ. నడిచేది కనవడితె అన్నవు."

"అన్న."

"సూడు మరి. నడుస్తదో లేదో."

రాజలింగం చిట్టీల పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి తూకం మీద పరిచాడు. బుచ్చయ్య గోమారిని దాని మీద వేశాడు. నలుగురూ వంగి చూశారు. రాజలింగం గడియారం చూశాడు. నర్సక్క ఊపిరి కూడా దాని మీద పడనీయలేదు. దివాకర్ పుల్లతో పొడిచాడు. పక్కకు పడింది. మళ్లీ పొడిచాడు.

"ఐదు నిమిషాలయింది," అన్నాడు రాజలింగం.

"సచ్చింది," అన్నాడు బుచ్చయ్య. "నీ కుక్కకేం పోసినవక్కా? మా ఇంట్ల గూడ ఒకటున్నది, ఒళ్లంత ఇవే."

"బరువెంత?" అంది నర్సక్క.

"తెల్వది."

"తీస్కరా, జోకుత," అన్నాడు రాజలింగం.

"ముందు శంకులు తీసి తీస్కరా," అంది నర్సక్క. బుచ్చయ్యకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఆయనకు చాయ్ పొలమారింది.

దివాకర్ కాగితాన్ని గోమారితో సహా ఉండ చుట్టి పారేశాడు. "నెల నెల గోమార్ల మందు షెడ్డుది," అన్నాడు. "కాపలాకు జీతం అనుకో. నట్టల గోళీలు నీయి."

"నాయి గాదు," అంది నర్సక్క. "తూకం తప్పినోనియి."

రాజలింగం జేబులోంచి మూడు గోళీల నూటా యాభై తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మరుసటి నెల మందు రోజున సర్పంచ్‌ను మళ్లీ సంచిలో పెట్టి జోకారు. చిట్టీలో మొత్తం ఇరవై నాలుగు కిలోల నూరు గ్రాములు, గోనె ఒక కిలో, నికరం ఇరవై మూడు కిలోల నూరు గ్రాములు అని ఉంది. శంకులు, నెమ్ము అన్న గడుల్లో అడ్డగీత కొట్టి ఉంది. గీత పక్కన రాజలింగం సంతకం ఉంది.