వేడి తత్వం

నేను కాలేజీలో తత్వశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. చదివింది ఐదో తరగతి, అదీ ఐదు తరగతులకీ ఒకే గది, ఒకే మాస్టారు ఉన్న పల్లెటూరి బడిలో. ఆయన ఒకటో తరగతిని తిడుతుంటే ఐదో తరగతిక్కూడా చదువు వచ్చేసేది. అయినా పెద్ద పెద్ద డిగ్రీలున్న ముగ్గురు కలాలు కింద పెట్టి మరీ నా పాఠం విన్నారు. ఎలాగో చెబుతాను, తొందరపడకండి.

నాది తాళాలు బాగుచేసే కొట్టు. నలభై ఏళ్ళుగా అదే పని. నేను తట్టగానే హడలిపోయి తెరుచుకున్న తాళాలున్నాయి. ఒక ఇనప్పెట్టె తాళమైతే నేను వీధి మలుపు తిరుగుతుండగానే ఊడిపడింది. చూసినవాళ్ళు ఉండేవాళ్ళు, ఇప్పుడు లేరు. నాకు లొంగనిది ఒక్కటే, నా మనవరాలి నోరు. ఇంట్లో అది వసపిట్ట. చేతికి చెంచా ఇచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతుంది. కొత్తమనిషి కనబడితే మాత్రం నోటికి గడియ పడిపోతుంది. అందుకే దాన్ని గడియ అని పిలుస్తాను.

స్కూలు చదువు అవగానే గడియ ఒక చిన్న కాలేజీ పేరు పట్టుకొచ్చింది. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం కలిపి చెబుతారట. వాళ్ళ నాన్న, అంటే మావాడు, మందుల షాపులో పనిచేస్తాడు. వాడికి లోకమంతా అరలే.

"నాన్నా, తలనొప్పికి ఒక అర ఉంది, దగ్గుకి ఒక అర ఉంది. తత్వశాస్త్రం ఏ అరలో పెడతావు?" అన్నాడు నాతో.

"నువ్వు పుట్టినప్పుడు నిన్నే అరలో పెట్టాలో నాకూ తెలీలేదు లేరా. పెంచలేదూ?" అన్నాను.

వాడు కూతురి వైపు తిరిగాడు. "ఫార్మసీ ఫారం నింపి ఉంచాను. ఆ కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూ చేసి సీటిస్తే సరే. ఇవ్వలేదా, సోమవారం ఫార్మసీలో చేరాలి. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

గడియ తలూపింది. దానికి తోడుగా వెళ్ళే పని నా మీద పడింది.

పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణం పైన ఆరు గదులు, అదీ కాలేజీ. మెట్లెంత ఇరుకంటే, లావుపాటి మనిషి ఎక్కాలంటే లావు కింద వదిలేసి, దిగేటప్పుడు తీసుకోవాలి. గదుల్లో పట్టని పుస్తకాలు మెట్ల మీదికి వచ్చేశాయి. గడియ ఒక్కొక్క పుస్తకం వీపూ వేలితో నిమురుతూ ఎక్కింది. ఆ వేలు చూశాక నాకు అర్థమైంది, ఇక్కడ కాక ఇంకెక్కడ చదివినా ఇది సగం మనసుతోనే చదువుతుందని. అప్పటిదాకా సరదాగా వచ్చినవాణ్ణి, అక్కడ ఆగి చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నాను.

లోపల ముగ్గురున్నారు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ప్రిన్సిపాల్ అమ్మగారు. గోడ గడియారాన్నే చూస్తున్న చరిత్ర సారు. నడి ఎండాకాలంలో మెడకి మఫ్లరు చుట్టుకున్న తత్వశాస్త్రం సారు.

మఫ్లరు సారు మెల్లగా అడిగాడు. "తత్వం అంటే ఏమనుకుంటున్నావమ్మా? తప్పయినా ఫరవాలేదు."

గడియ నోటికి గడియ పడిపోయింది. సారు ప్రశ్న తిప్పి అడిగాడు. ఊహూఁ. చరిత్ర సారు తరవాతి వాళ్ళ ఫారం తీసుకోబోయాడు. నాకిక ఆగలేదు.

"నే చెప్పొచ్చా సారూ? మా ఇంట్లో అందరి తత్వాలూ నాకు తెలుసు. నాది వేడి తత్వం, వంకాయ తింటే ఒళ్ళంతా దురద. దీనిదీ వేడి తత్వమే. మావాడిది వాత తత్వం, మబ్బు పట్టిందంటే మోకాలు పట్టుకుంటాడు. తమరిది చూడగానే తెలుస్తోంది, శీతల తత్వం."

"తాతా," గడియ నా చొక్కా లాగింది. "అది ఒంటి తత్వం. సారు అడిగింది అది కాదు."

"ఒళ్ళు కాకపోతే ఇంక దేనికుంటుందే తత్వం?"

"పక్క కొట్టాయన్ని 'వాడి తత్వమే అంత' అంటావు చూడు. ఆయన మోకాళ్ళ గురించి అంటున్నావా?"

"కాదు, బుద్ధి గురించి."

"మరి? పైకి కనబడేవన్నీ తీసేశాక ఆయనలో ఏది మిగులుతుందో, అదీ తత్వం."

"అన్నీ తీసేస్తే ఏం మిగుల్తుంది, నా మొహం. తాళంలో సరుకంతా తీసేస్తే మిగిలేది ఖాళీ డొప్ప."

"నువ్వు స్ప్రింగు మారుస్తావు, లోపలి రేకులు మారుస్తావు, ఒక్కోసారి పై డొప్ప కూడా మారుస్తావు. అప్పుడది పాత తాళమేనా?"

"పాతదే. బాగుకిచ్చినవాడు చూసి, నాదే అని పట్టుకుపోతాడుగా."

"అంటే తాళం తత్వం తాళంలో లేదు, గుర్తుపట్టేవాళ్ళలో ఉందంటావా?"

నలభై ఏళ్ళు తాళాలతో కాపురం చేసినవాణ్ణి, జేబులోంచి కొట్టు తాళంచెవి తీసి కొత్తగా చూస్తున్నట్టు తిప్పి చూశాను. మఫ్లరు సారు కలం కింద పెట్టేశాడు. చరిత్ర సారు గడియారం సంగతే మరిచిపోయాడు. గడియ అప్పుడు చూసింది వాళ్ళని. టక్కున నోరు మూసుకుంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

మఫ్లరు సారు నవ్వాపుకుంటూ, "పెద్దాయనా, ఇద్దరికీ సీటివ్వాలనే ఉంది. కానీ మీరు ఫారం నింపలేదు. అందుకని అమ్మాయిని చేర్చుకుంటాం" అన్నాడు.

వచ్చేటప్పుడు ప్రిన్సిపాల్ గారు నా మీద గౌరవంతో లేచి నిలబడ్డారు.

నేను చెప్పానన్న పాఠం ఇదే. నిజానికి నేను తప్పు చెప్పాను, మనవరాలు దిద్దింది, జీతం మఫ్లరు సారు తీసుకున్నాడు.

గడియకిప్పుడు రెండో ఏడు. సాయంత్రం కొట్టుకొచ్చి ఆ రోజు విన్నదంతా నాకు వినిపిస్తుంది. సగం అర్థమవుతుంది, మిగతా సగానికి తలూపుతాను. మావాడూ మారాడు. మొన్న తలనొప్పి మాత్ర అడిగినాయన్ని "నొప్పి తలలోనా, మీలోనా?" అన్నాడట. ఇంటర్వ్యూ రోజున మరో కాలేజీలో అయితే "మీరు కాస్త బయట కూర్చోండి" అనేవాళ్ళు నన్ను. వీళ్ళు ఒక ముసలాడి తప్పుని చివరిదాకా చెప్పనిచ్చారు, దాన్లోంచే పిల్ల మాట బయటికొచ్చింది. ఆ మెట్ల ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ సైకిలు దిగి నడుస్తాను.

అన్నట్టు ఇందులో ఒకటి కల్పించాను. ప్రిన్సిపాల్ గారు నా కోసం లేచి నిలబడలేదు. ఆ గదిలో కుర్చీలు తక్కువ. మేం వెళ్ళింది మొదలు ఆవిడ నిలబడే ఉన్నారు, నేను కూర్చున్నది ఆవిడ కుర్చీలో.