వాలు సున్నా

కూతురు మొట్టమొదటిసారి "అమ్మా" అని తనను కాకుండా చెల్లెల్ని పిలుస్తుందేమోనన్నదే అక్క భయం. అంతకు మించిన భయం ఆమెకు మరొకటి లేదు.

ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ చెల్లెలు వీళ్ళింట్లోనే ఉంటోంది. ముందుగదిలో కిటికీ పక్క బల్లే ఆమె ఆఫీసు. పల్చటి లోహపు పొరలో కంటికి ఆనని అయస్కాంతపు సుడులుంటాయట, స్కిర్మియాన్లంటారట. ఊళ్ళోని ల్యాబులో ఉన్న పెద్ద మైక్రోస్కోపులో అవెలా కనబడతాయో ముందుగానే కంప్యూటర్లో లెక్కగట్టి బొమ్మలు తీయడం ఆమె పని. తెర మీద నలుపూ తెలుపూ మచ్చలు జంటలు జంటలుగా తేలాయంటే చాలు, బుజ్జిది ఎక్కడున్నా పాక్కుంటూ వచ్చి పిన్ని ఒళ్ళో చేరేది.

"నీ కూతురికి పాలకన్నా పిన్ని సుడులే ముద్దు," అని మొగుడు నవ్వితే అక్కకు ఒళ్ళు మండిపోయేది. డిగ్రీ రెండో ఏడులో పెళ్ళి, ఆ వెంటనే కడుపు. లేకపోతే ఆ కుర్చీలో తనుండేది కాదూ! చదువూ దానికే, ఒళ్ళో పిల్లా దానికేనా?

ఒకసారి అడిగింది కూడా. "ఆ పొరని అలా వంకరగా పెట్టావేంటే?"

"కాస్త వాల్చాలక్కా. బల్లపరుపుగా ఉంటే ఈ రకం సుడులు ఉన్నా కనబడవు."

"అచ్చం నాలాగే అన్నమాట."

చెల్లెలు పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు.

ఇవాళ పొద్దున, "కాస్త చూస్తుండక్కా," అని పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి చెల్లెలు మంచినీళ్ళకి లేచింది. బుజ్జిది రెండు చేతులా కీబోర్డును టపటపా బాదింది. 'వాలు' అని ఉన్న గడిలో అంకె పోయి సున్నా పడింది. అక్క చూసింది. పిల్లను ఎత్తుకుంది. పెదవి విప్పలేదు.

మధ్యాహ్నానికి బొమ్మలన్నీ ఒట్టి బూడిదరంగు పలకల్లా వచ్చాయి.

"లెక్కలో సుడులున్నాయక్కా, బొమ్మలోకే రావట్లేదు. నేను రాసిన ప్రోగ్రామే తప్పేమో. ఇదివరకు ఇచ్చినవన్నీ కూడా..." చెల్లెలు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"సరిగ్గా చూసుకోవే."

"ఎంతని చూడను? ల్యాబుకెళ్ళి మా సార్‌తో చెప్పేస్తా, ఈ పని నావల్ల కాదని."

నోటిదాకా వచ్చిన మాటను అక్క మింగేసింది. ఉద్యోగం పోతే ఇల్లూ వదిలి పోతుంది, పోనీ, అనుకుంది.

చెల్లెలి వెనక తలుపు పడగానే బుజ్జిది అటు చేతులు చాచి, "మ్మా!" అంది. తలుపునే చూస్తూ మళ్ళీ మళ్ళీ అంది.

సున్నా సంగతి చెప్పేద్దామని అక్క గబగబా ఫోన్ చేసింది. దిండు కింద నుంచి మోగింది చెల్లెలి ఫోను. పరిగెత్తుదామంటే బయట కుండపోత వాన, మధ్యాహ్నం నుంచి పట్టుకున్న జ్వరంతో చంకలో పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, మొగుడు డ్యూటీలో ఉన్నాడు.

మీలో ఎవరైనా ఆ ల్యాబు వైపు వెళ్తుంటే, ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్న సన్నటి పిల్ల ఒకతి మెట్ల మీద కనబడుతుందేమో చూడండి. లెక్క తప్పు కాదని, అక్క చెప్పమందని చెప్పండి. బుజ్జిది ఏమని పిలిచిందో మాత్రం చెప్పకండి. ఆ పిల్ల ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.