మెత్తటి ట్రిగ్గర్

పులివెందుల పక్క పల్లెలో చీనీ తోట ఉన్న రాజేశ్వరమ్మకు తుపాకీ అంటే భయం లేదు, మనుషులంటేనే భయం. రెండేళ్ల కిందట ఆమె మొగుడు నారాయణరెడ్డిని తోట గట్టు మీదనే నరికేసి పోయినారు. నరికిన ముగ్గురి మొహాలూ చూసింది ఆమె ఒక్కతే. సాక్ష్యం చెప్తే నీ గతీ అంతేనని ఫోన్లు వస్తాంటే, లైసెన్సు తెచ్చుకొని పిస్తోలు కొనింది. తీరా కొన్నాక చూస్తే ట్రిగ్గర్ బిర్రు. కీళ్లవాతంతో వంకర తిరిగిన ఆమె వేలికి అది కదల్లేదు.

కోర్టు వాయిదా ఇంక వారం ఉందనంగా, మరిది కొడుకు సుధీర్ యాడనో విచారించి రెండు కొత్త ట్రిగ్గర్లు తెప్పించినాడు. వాటిని తీసుకొని ఇద్దరూ ప్రొద్దుటూరులో తుపాకులు బాగుచేసే అబ్దుల్ సలాం అంగడికి పోయినారు.

సలాం పిస్తోలు ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకొని, మొదటిది బిగించి ఇచ్చినాడు. ఆమె గోడ వైపు పట్టి నొక్కింది. పాతదానికంటే తేలికే గానీ, వేలు శానా దూరం పోయినాక గానీ టక్కుమనలేదు.

"మధ్యలో మనసు మార్చుకుంటే వేలు వెనక్కి తీసుకునే యవధి ఉంటాదమ్మా దీంట్లో," అన్నాడు సలాం.

రెండోది బిగించినాక, వేలు ఆనీ ఆనకముందే టక్కుమంది. ఆమె ఉలిక్కిపడింది. మరుక్షణం మొహం తేటపడింది.

"ఇదే కావాల."

"వద్దమ్మా. ఇది పోటీల్లో గురి కొట్టేటోళ్లకు. సంచిలో ఏసుకొని తిరిగేటోళ్లకు కాదు. బెదిరినప్పుడు మన చెయ్యి మన మాట ఇనదు."

"వాళ్లు నాకు యవధి ఇస్తారా సలాం బాయ్? మా ఆయనకిచ్చినారా?"

సలాం ఇష్టం లేకుండానే దాన్ని ఉంచేసినాడు.

వాయిదా రోజు జమ్మలమడుగు కోర్టు బయట కారు ఆపి, తలుపులేసుకోమని చెప్పి సుధీర్ లోపలికి పోయినాడు. ఆమె ఒళ్లో సంచి, సంచిలో చెయ్యి. ఎదురుగా టీ బంకు దగ్గర నలుగురు నిలబడి ఉండారు. తననే చూస్తాండారో, ఊరికే నిలబడినారో తెలీదు. అంతలో మోటార్ సైకిల్ ఒకటి కారు పక్కకే వచ్చి ఆగింది. మొహానికి తువ్వాల చుట్టుకున్న మనిషి దిగి, వంగి, అద్దం మీద దబదబా కొట్టినాడు.

చెయ్యి ఎప్పుడు బయటికొచ్చిందో ఆమెకు తెలీదు. చెవులు చిల్లులుపడే మోత. కారు నిండా తుపాకిమందు వాసన. తలుపుకు బొక్క.

బయట మనిషి మట్టిలో కూలబడి మోకాళ్లు తడుముకుంటాండాడు. తువ్వాల జారిపోయింది. తమ వకీలు గుమస్తా షాహుల్!

"నేనమ్మా, నేను! కేసు పిలుస్తాండారని చెప్పను వస్తి!"

గుండు అతని కాలికి జానెడు పక్కన నేలలో దిగింది.

పోలీసులు పిస్తోలు తీసుకున్నారు. "ఎందుకు కాల్చినావమ్మా?" అని ఎస్సై అడిగితే, "కాల్చాలనుకోలేదు సార్. అనుకునేలోపలే పేలింది," అనింది. ఆమె మీద కేసు రాసినారు, లైసెన్సు ఆపినారు. బెయిలొచ్చి ఇంటికి పోయింది. అన్నం కలుపుకుంటా తన చూపుడువేలునే చూసుకుంటా ఆగిపోయేది. కబురు చెప్పను వచ్చిన మనిషిని చంపేసి ఉందును గదా అని.

నాలుగో రోజు షాహుల్ ఇంటికి పోయింది. అతని పెండ్లాం ఫిర్దోస్ వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడింది.

"ఎవరు తలుపు తట్టినా లేసి నిలబడతాండాడమ్మా మా ఆయన. నీ భయం తెచ్చి మా ఇంట్లో పెట్టినావు."

"తప్పయింది తల్లీ," అనింది రాజేశ్వరమ్మ.

"నీ మొగుణ్ణి చంపినోళ్లనన్నా వదలొద్దు," అని తలుపేసుకుంది ఫిర్దోస్.

తర్వాతి వాయిదాకు ఆమె ఉత్త చేతులతో, సుధీర్‌తో కలిసి బస్సులో పోయింది. దిగినకాడి నుంచి కోర్టు మెట్ల దాకా ఎనక అడుగుల చప్పుడైతే చాలు తిరిగి చూసింది. షాహుల్ వచ్చి, నాలుగడుగుల దూరంలోనే నిలబడి, "పిలుస్తాండారమ్మా," అన్నాడు.

ఎదురు బోనులో ఆ ముగ్గురూ ఉండారు. ఒకడు ఆమెను రెప్పవాల్చకుండా చూస్తాండాడు. ఆమె సాక్షి బోను కొయ్య కమ్మీని రెండు చేతులా పట్టుకొని, ముగ్గురి పేర్లూ చెప్పింది.